నమస్తేలో తే

ఈమధ్య రోజూ ఎవరో ఒక అమ్మాయి ఫోన్ చేసి "నమస్తే అండీ, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా అండీ" అంటుంది. లోను కావాలా అని ఒకరు, గుడివాడ బైపాసు పక్కన ప్లాటు కావాలా అని ఇంకొకరు. ఈ వయసులో నాకు అప్పూ అక్కర్లేదు, స్థలమూ అక్కర్లేదు. అయినా వెంటనే పెట్టెయ్యబుద్ధి కాదు. ఆ "నమస్తే అండీ" దగ్గర ఒక్క క్షణం ఆగిపోతాను. మా తాతయ్యే గనక ఆ ఫోన్ ఎత్తి ఉంటే, లోను సంగతి ఆ పిల్లే మర్చిపోయేది. "చూడమ్మా, నమః అంటే వంగడం. తే అంటే నీకు. నీకు నమస్కారం అని ఏకవచనంలో అనేసి, వెనకాల అండీ అని తగిలిస్తే పోయిన మర్యాద తిరిగొస్తుందా?" అని మొదలుపెట్టేవాడు. ఇంకెక్కడి ఆపడం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారే, మా తాతయ్యకి ఆ లోకువ జీవితాంతం జరిగింది.

తాతయ్య బందరులో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. గొడుగుపేటలో మా ఇల్లు. నాన్న కోర్టులో గుమాస్తా, పొద్దున్నే అన్నం తిని వెళ్తే దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు. కాబట్టి పగలంతా ఇల్లు తాతయ్యది, అమ్మది, నాది. తెల్లవారకముందే కచ్చికతో పళ్ళు తోముకుని, బావి దగ్గర నాలుగు చేదలు పోసుకుని, తడి తుండుతోనే విభూతి పెట్టుకుని సంధ్య వార్చుకునేవాడు. అది అయ్యేసరికి వంటింట్లో ఊకపొయ్యి రాజుకుని, ఊక పొగ వాసనా కాఫీ వాసనా కలిసి అరుగు దాకా వచ్చేవి. తూర్పు గాలి వీస్తే వాటికి ఉప్పు తేమ కూడా తోడయ్యేది. బందరులో అప్పడాలు ఎండబెట్టినా మెత్తగానే ఉంటాయి, అది వేరే సంగతి. కాఫీ తాగి అరుగు మీద పడక్కుర్చీలో చేరగిలబడ్డాడంటే ఇంక భోజనం వేళ వరకూ అదే ఆయన బడి. వీధిలో వెళ్ళే ప్రతివాళ్ళూ ఆయన విద్యార్థులే, వాళ్ళకి ఇష్టం ఉన్నా లేకపోయినా.

అందరి మాటలూ దిద్దేవాడు. "ధన్యవాదములండీ" అన్నవాళ్ళకి ఒక పాఠం, "శుభాకాంక్షలు"ని "శుభాకాంక్ష్యలు" అన్నవాళ్ళకి ఒక పాఠం. కానీ ఆయనకి అన్నిటికన్నా కంటగింపు నమస్తే. అప్పటికే ఊళ్ళో చదువుకున్న కుర్రాళ్ళందరూ దాన్ని పట్టుకున్నారు. అంతకుముందు మా వైపు జనం పలకరించుకోవాలంటే "ఏవండీ, భోజనాలయ్యాయా?" అనో, "ఎటో బయల్దేరారే?" అనో అనేవాళ్ళు. అవనిగడ్డ నుంచి పెసలూ మినుములూ తెచ్చి అమ్మే మనిషి "దండాలండీ" అనేవాడు, తాతయ్య చెయ్యెత్తి "ఆఁ, రా" అనేవాడు. దండానికి ఆయనకి అభ్యంతరం లేదు. నమస్కారానికీ లేదు. పేచీ అంతా తే తోనే.

పోస్టుమాన్‌తో అయితే రోజూ ఒక ఆట. సైకిలు దిగకుండానే అతను "నమస్తే మాస్టారూ" అనేవాడు. "ఏమయ్యా, నేను నీకు నువ్వునా? మీరునా?" అని తాతయ్య అడిగేవాడు. "అయ్యో, మీరే అండీ." "మరి నీకు నమస్కారం అంటావేం? నమస్కారం అను చాలు. లేకపోతే వః అను. నమో వః. మీకు నమస్కారం అని." "నోరు తిరగదు మాస్టారూ, నమస్కారం" అని కవరు చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ నమస్తే. వాళ్ళిద్దరికీ అది కాఫీ లాంటిదని చిన్నప్పుడే నాకు తెలుసు.

నాకూ నోరు ఊరుకునేది కాదు. "మరి పూజలో దేవుడికి నమస్తే నమస్తే అంటావుగా తాతయ్యా?" అని అడిగాను ఒకసారి. కోప్పడలేదు. అలాంటి ప్రశ్నలంటే ఆయనకి ప్రాణం. "దేవుణ్ణి నువ్వు అంటాం. అమ్మని నువ్వు అంటాం. వాళ్ళు మనవాళ్ళు. సంస్కృతంలో గురువుగారినైనా తే అనొచ్చు, అక్కడ తప్పు లేదు. మన తెలుగువాడికి నువ్వు వేరు, మీరు వేరు. ఆ మాట మన నోట్లో పడ్డాకే తప్పయింది" అన్నాడు. పురాణం చెప్పేవాళ్ళు నమః అంటే న మమ అనీ, నాది కాదు అని అర్థమనీ చెప్తారే, అది నిజమేనా అని ఇంకోసారి అడిగితే నవ్వాడు. "వినడానికి బాగానే ఉంటుంది. ధాతువు మాత్రం నమ్. వంగడం. నడుం వంచడం ఇష్టం లేనివాళ్ళు ఆ రెండో అర్థం కనిపెట్టి ఉంటారు" అన్నాడు. ఆ మాట ఆయన ఎవరి గురించి అన్నాడో గాని, నాకు ఇప్పటికీ ఇష్టం.

కోటేశ్వరి టీచర్ మా ఇంట్లోకి వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆవిడ మా ఆడపిల్లల బళ్ళోకే కొత్తగా హిందీ పండిట్‌గా వచ్చింది. పెడన నేతవాళ్ళ అమ్మాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గంజి పెట్టిన నేతచీరలో ఉండేది. దగ్గరికొస్తే కొత్త బట్టల కొట్టు వాసన వచ్చేది. పెడన నుంచి రోజూ రైల్లో వచ్చి పోవడం కష్టమవుతోందని గది వెతుక్కుంటుంటే అమ్మే మా వీధి గది ఇద్దామంది. అమ్మకి ఆ గది ఖాళీగా ఉండటం కన్నా నాకు హిందీ రాకపోవడం పెద్ద బాధ. తాతయ్య కాదనలేదు. అవునని కూడా అనలేదు. "నీ ఇష్టమమ్మా" అన్నాడు, అంతే.

నాకు మాత్రం పండగే. సాయంత్రాలు ఆవిడ గదిలో చాప మీద కూచుని హిందీ చదువుకునేదాన్ని. ముందు బళ్ళో లాగే "నమస్తే జీ" అనాలి, తర్వాతే పుస్తకం తెరవాలి. పాఠం చెప్తూ చెప్తూ మధ్యలో మగ్గం కబుర్లు చెప్పేది. వాళ్ళ నాన్న మగ్గం గుంటలో దిగితే అన్నానికి తప్ప లేవడనీ, ఊళ్ళో మునసబు వచ్చి పిలిచినా పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె ఆపకుండానే బదులు చెప్తాడనీ చెప్పేది. "పోగు తెగితే ముడెయ్యొచ్చు గాని, చెయ్యి ఆగితే బట్టలో గీత పడిపోద్దంటాడు మా నాన్న" అనేది. బళ్ళో మాకు చెప్పేటప్పుడు పడుతుంది అనేది. నాన్న మాటలు చెప్పేటప్పుడు పడిపోద్ది అనేది. ఆ తేడా నాకు భలే నచ్చేది.

రోజూ పొద్దున ఆవిడ గది తాళం వేసుకుని, అరుగు ముందునుంచి వెళ్తూ, పుస్తకాలు ఎడమ చంకలోకి మార్చుకుని, రెండు చేతులూ జోడించి "నమస్తే మాస్టారూ" అనేది. తాతయ్య పేపర్లోంచి తలెత్తేవాడు కాదు. ఆవిడ ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోయేది. వానాకాలం వెళ్ళి చలికాలం వచ్చింది. రోజూ ఆ నమస్తే అలాగే వచ్చేది, అలాగే గాల్లో కలిసిపోయేది. తాతయ్యకి ఆవిడతో ఏదైనా చెప్పాల్సి వస్తే అమ్మ ద్వారా చెప్పించేవాడు. "ఆ అమ్మాయిని వీధి తలుపు గొళ్ళెం పెట్టమను" అన్నట్టు. బావిలో ఆవిడ చేద వెయ్యకూడదని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అయినా అమ్మే తోడి పోసేది, ఆవిడ దూరంగా బిందె పెట్టుకుని నిలబడేది. ఎవరూ అనకుండానే అన్నీ జరిగిపోయే ఇళ్ళు అవి.

రోజూ ఆవిడ వెళ్ళాక వచ్చే పోస్టుమాన్ ఒకరోజు ఆవిడ తాళం వేసుకుంటూ ఉండగానే వచ్చాడు. మామూలుగానే నమస్తే, మామూలుగానే పాఠం. ఆ రోజు తాతయ్య మంచి హుషారు మీదున్నాడు. తే ఏంటో, వః ఏంటో, చతుర్థీ విభక్తి ఎందుకొచ్చిందో అన్నీ చెప్పి, అతని చేత నమో వః అనిపించేదాకా వదల్లేదు. ఇద్దరూ నవ్వుకున్నారు. కోటేశ్వరి టీచర్ తాళం చెవి చేతిలో పట్టుకుని చివరిదాకా నిలబడి విన్నది. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ పొద్దున ఆవిడ తాతయ్యకి నమస్తే అనలేదు. అనలేదన్న సంగతి తాతయ్య గమనించాడో లేదో నాకు తెలియదు. నేను గమనించాను.

సాయంత్రం నాకు పాఠం చెప్పలేదు. నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చింది. అమ్మ బియ్యం ఏరుతోంది.

"అమ్మగారూ, వచ్చే ఆదివారం గది ఖాళీ చేస్తానండి. స్కూలు వెనకాల ఒక గది చూశాను."

అమ్మ చేట కింద పెట్టేసింది. "అదేంటమ్మా, ఇక్కడ నీకేం లోటయింది?"

"లోటేం లేదండి. ఇన్నాళ్ళూ మాస్టారు నాకు బదులు చెప్పకపోతే, మేం మగ్గపోళ్ళం కదా, అందుకేమోలే అనుకున్నాను. అలవాటైపోయింది. ఇవాళ తెలిసింది."

అమ్మకి ప్రాణం లేచొచ్చింది. "అయ్యో పిచ్చితల్లీ, నీ కులం కాదమ్మా. ఆయనకి ఆ నమస్తే అంటేనే పడదు. వ్యాకరణం పిచ్చి. అందర్నీ అంతే."

"అదేనండి నేనూ అంటున్నది. అందర్నీ దిద్దుతారు. పోస్టాయన్ని దిద్దుతారు, పాలాయన్ని దిద్దుతారు. నేను ఇన్నాళ్ళుగా రోజూ అదే తప్పు చేస్తున్నాను కదా. నన్ను ఒక్కసారి కూడా దిద్దలేదేం?"

వ్యాకరణం అన్న మాటతో గొడవ తీరిపోయిందనుకున్నాం ఇద్దరం. అది తీరలేదు సరికదా, అసలు ముడి అక్కడే ఉంది. ఆవిడ గట్టిగా మాట్లాడలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. క్లాసులో లింగం తప్పు రాసిన పిల్లని ఎందుకు రాశావని అడిగినట్టే అడిగింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆవిడ వెళ్ళిపోతుందని కొంత, మా ఇంటి నుంచి వెళ్ళిపోతోందని కొంత.

మా అమ్మ అంతకుముందు మామగారి ఎదుట గొంతెత్తి ఎరగదు. ఆయన ఉన్న గదిలోకి వెళ్ళాలన్నా కొంగు సర్దుకుని, దగ్గి వెళ్ళే మనిషి. ఆ రోజు దగ్గలేదు. దీపం ముట్టించి, అరుగు మీదికి వెళ్ళి, కోటేశ్వరి టీచర్ అన్నదంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. చివర తన మాట ఒకటి కలిపింది. "మావయ్యగారూ, దారినపోయేవాళ్ళకి పిలిచి చెప్తారు. మన ఇంట్లో ఉన్న పిల్లకి చెప్పడానికి మీకు నోరు రాలేదేమండీ?"

"ఆ అమ్మాయికి చెప్తే మాత్రం ఏం అర్థమవుతుందిలే అనుకున్నానమ్మా" అన్నాడు తాతయ్య.

"టీచరుద్యోగం చేస్తోందండీ ఆ అమ్మాయి."

"అవును" అన్నాడు తాతయ్య. ఆ రాత్రి మజ్జిగన్నం వద్దన్నాడు. ఆదివారం దాకా మిగిలిన రోజుల్లో పోస్టుమాన్ నమస్తే అంటే తలూపి ఊరుకున్నాడు. పాపం అతను, ఒంట్లో బాగాలేదా మాస్టారూ అని అడిగాడు.

ఆదివారం పొద్దున రిక్షా వచ్చింది. ఆవిడ సామాను ఏముంది, ఒక ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, పుస్తకాల సంచి, కిరసనాయిల్ స్టవ్వు. రిక్షా అతను పెట్టె ఎత్తబోతుంటే తాతయ్య పడక్కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంటికి ఎంతటివాళ్ళొచ్చినా కుర్చీలోంచే పలకరించే మనిషి. అమ్మా నేనూ గుమ్మంలో బిగుసుకుపోయాం.

"అమ్మా, మీరు ఎంతవరకు చదువుకున్నారు?" అన్నాడు.

ఆవిడ మా ఇంట్లో ఉన్న అన్నాళ్ళలో తాతయ్య ఆవిణ్ణి అడిగిన మొదటి ప్రశ్న అది. ఆవిడ కూడా తడబడింది. పుస్తకాల సంచి కింద పెట్టి చెప్పింది. "హిందీ పరీక్షల్లో విశారద అయిందండి. ప్రవీణకి కట్టాను. దాంట్లో కాస్త సంస్కృతం కూడా ఉందండి."

"శబ్దాలు చదివారా?"

"చదివానండి."

"యుష్మచ్ఛబ్దం, చతుర్థి?"

"తుభ్యం, తే. యువాభ్యాం, వాం. యుష్మభ్యం, వః" అంది. గబగబా అనలేదు, ఆగి ఆగి అంది. తాతయ్య ముఖం పాలిపోయింది.

"తే అంటే ఏంటో తెలిసే అనేవారా మీరు?"

"తెలుసండి. స్కూల్లో పిల్లలు రోజూ నాకు నమస్తే జీ అంటారు. వాళ్ళు నన్ను నువ్వు అంటున్నారని నాకెప్పుడూ అనిపించలేదండి. ఎదురుగా ఉన్న మనిషికి చెప్తున్నాం, అంతే కదా అనుకున్నాను. మీకు కష్టంగా ఉంటుందని తెలిస్తే మానేసేదాన్ని."

"నేను చెప్పాల్సింది" అన్నాడు తాతయ్య.

ఆవిడ పర్లేదండి అనలేదు. ఆ వయసులో నేనైతే ఆ మాట అనేసేదాన్ని, ఎదుటివాళ్ళ ముఖం చూడలేక. అమ్మ దగ్గరికొచ్చి "వెళ్ళొస్తానండి" అంది. ఉండిపొమ్మని అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని బతిమాలింది, ఇప్పుడు అంతా సర్దుకుంది కదా అని. ఆవిడ చెయ్యి మెల్లగా విడిపించుకుని రిక్షా ఎక్కింది. రిక్షా కదిలేముందు తాతయ్య అరుగు చివరిదాకా వచ్చి, రెండు చేతులూ జోడించి, "నమస్తే" అన్నాడు. ఆవిడ చేతులు జోడించింది. రిక్షా వెళ్ళిపోయింది.

ఈ సంగతి మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. పెళ్ళిళ్ళలో, శుభకార్యాల్లో నలుగురం చేరితే చాలు, ఎవరో ఒకళ్ళు ఎత్తుకునేవాళ్ళు. ఎప్పుడు చెప్పినా ఆఖరి వాక్యం ఒక్కటే, అంతటి తాతయ్య చేత నమస్తే అనిపించింది హిందీ టీచరు అని. అందరం నవ్వేవాళ్ళం. ఆయన సంస్కారానికి మురిసిపోయేవాళ్ళం కూడా, తప్పు తెలుసుకున్న మనిషి అని. తాతయ్య పోయాక ఇంకా ఎక్కువ చెప్పుకున్నాం. నేను ఆవిడ కొత్త గదికి వెళ్ళి హిందీ చదువుకున్నాను, పరీక్షలు రాశాను, పెళ్ళయి గుడివాడ వచ్చేశాను. ఆవిడ పెడనకే బదిలీ చేయించుకుని అక్కడే రిటైరయింది. ఉత్తరాలు కొన్నాళ్ళు నడిచి ఆగిపోయాయి.

పోయిన నెల ఎవరో పెళ్ళిలో ఆవిడ ఊసొచ్చింది. ఇంకా ఉన్నారా అని ఆశ్చర్యపోయి, సిగ్గుపడి, మర్నాడే బందరు ప్యాసింజరు ఎక్కాను. దారిలో వరిచేల మధ్య చేపల చెరువులు పెరిగిపోయాయి, కిటికీలోంచి వాటి నీచువాసన వచ్చిపోతోంది. పెడనలో దిగాక ఆ వీధుల్లో ఒకప్పుడు ఇంటింటా వినిపించిన మగ్గం చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఎక్కడో ఒక ఇంట్లో వినిపించింది. మిగతా ఇళ్ళలో టీవీలే. మా గొడుగుపేట ఇల్లూ లేదిప్పుడు, అక్కడ అపార్టుమెంటు లేచింది. దాన్లో ఎవరి పక్కన ఎవరున్నారో వాళ్ళకే తెలియదు. ఎవరూ ఎవర్నీ దిద్దరు. లిఫ్టులో ఎదురుపడితే హాయ్ అంటారు, దాన్లో నువ్వూ లేదు, మీరూ లేదు. హాయిగానే ఉంటుందేమో. నాకైతే ఇంకా అలవాటు కాలేదు.

టీచర్ గారు వీధి గదిలో మంచం మీద కూచుని ఉన్నారు. అదే పొడుగు, కాస్త వంగింది. ఒక చెవి వినిపించదట, రెండో చెవి వైపు కూచున్నాను. నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. పోల్చుకున్నాక నా బుగ్గ పట్టుకుని "హిందీ మర్చిపోయుంటావు" అన్నారు. నిజమే, మర్చిపోయాను. కాఫీలయ్యాయి. మాటల్లో మాటగా తాతయ్య నమస్తే సంగతి ఎత్తాను, ఆవిడా నవ్వుతారని.

"మీ ఇంట్లో అదింకా చెప్పుకుంటున్నారా?" అన్నారు.

"చెప్పుకోకపోవడమేంటండీ, మా ఇంట్లో అది పెద్ద కథ" అని, ఎలా చెప్పుకుంటామో మొత్తం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు, తలూపారు. నవ్వలేదు.

"మా ఇంట్లో వేరేలా చెప్పుకుంటాం" అన్నారు.

"ఎలాగండీ?"

"ఆ రోజు సామాను కొత్త గదిలో పడేసి మధ్యాహ్నం రైలుకి ఇక్కడికొచ్చాను. మా నాన్న గుంటలో కూచుని నేస్తున్నాడు. ఇల్లెందుకు మారావే అన్నాడు. చెప్పాను. వాళ్ళు ఉండమన్నా వచ్చేశాను నాన్నా, తప్పా అని అడిగాను. మా నాన్నకి చదువు లేదు, నీకు తెలుసుగా. నాడె ఆపేశాడు. చీర సగంలో ఉంది. గుంటలోంచి పైకొచ్చి, చేతులు పంచెకి తుడుచుకుని, మా స్కూలు పిల్లలు నాకెలా దణ్ణం పెడతారో నేనెప్పుడో చెప్పింది గుర్తుంచుకున్నాడు కామోసు, రెండు చేతులూ ఇలా పెట్టి 'నమస్తే టీచరు గారూ' అన్నాడు."

టీచర్ గారు గ్లాసు అందుకుని మంచినీళ్ళు తాగారు.

"ఆ చీర గీత పడిందని షావుకారు తీసుకోలేదు. మా అమ్మ కట్టుకుంది. మా పిల్లలందరికీ తెలుసు ఆ కథ" అన్నారు. "మీ తాతయ్యగారు అందులో లేరమ్మా."